ముందు దారి, తర్వాత బండి

ఇల్లు మారిన ప్రతి ఇల్లాలికీ ఒక సంగతి అనుభవమే. మంచాలు, గిన్నెలు, పచ్చడి జాడీలు, పూజ సామాను అన్నీ కొత్తింట్లోకి బుద్ధిగా వచ్చేస్తాయి. పేచీ అంతా బీరువాతోనే. గుమ్మం కొలిచే ఉంటారు, బీరువా పడుతుంది. కానీ గుమ్మం దాకా రావాలంటే మెట్లెక్కాలి, మెట్లకి ఒక మలుపుంటుంది. ఆ మలుపు సంగతి ఎవరికీ గుర్తుండదు. నలుగురు హమాలీలు, మధ్యలో బీరువా, గోడకీ బీరువాకీ మధ్య ఒకడి వేళ్లు. ఇంటాయన కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ ఉంటాడు. ఆ అరుపు వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ ఉండదు. అప్పుడు ఓ మూల కూర్చున్న అమ్మమ్మ, "ముందే మెట్లు కూడా కొలుచుకోవద్దుటర్రా?" అంటుంది. ఆ క్షణాన ఆవిడ మీద అందరికీ ఒళ్లు మండుతుంది గానీ, ఇంజనీర్లు ఈ విషయం మీద రాసిన లావుపాటి పుస్తకాల సారమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పెద్ద బరువు కదలాలంటే నాలుగు కొలతలు కావాలి. దారి ఎంత వెడల్పు, నెత్తిమీద ఎంత ఖాళీ, మలుపులో ఎంత చోటు, కింద నేల ఎంత మోస్తుంది. ఈ నాలుగూ టేపుకి, లెక్కకి దొరికేవే. అయిదోది ఒకటుంది. ఆ దారిలో అప్పటికే ఎవరు నడుస్తున్నారు? ఇది ఏ టేపుకీ దొరకదు. మన చరిత్రలో మొదటి నాలుగూ నేర్చుకోవడానికి ఎంతో తెలివి ఖర్చుపెట్టాం. అయిదోది నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇంకా పూర్తిగా నేర్చుకున్నామని చెప్పలేం కూడా.

ఈ కథంతా చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాదులో తార్నాక చౌరస్తాలో నిలబడితే చాలు.

తార్నాక పేరులోనే ఒక దారి కథ ఉంది. తార్ అంటే తీగ. నాకా అంటే కాపలా చౌకీ. ఇప్పుడు బస్సులూ ఆటోలూ కిక్కిరిసిన ఆ చోట ఒకప్పుడు తోటలుండేవని, వాటి చుట్టూ ముళ్లతీగ కంచె, కంచె దగ్గర ఒక చౌకీ ఉండేవని, ఆ తీగా ఆ నాకా కలిసి తార్నాక అయిందని పాతవాళ్లు చెప్తారు. బండి లోపలికి రావాలంటే అక్కడ ఆగాలి. చౌకీవాడు చూడాలి, ఊఁ అనాలి. ఈనాడు పెద్ద పెద్ద కట్టడాల దగ్గర గేటులో కూర్చున్న మనిషి పుస్తకంలో లారీ నంబరు రాసుకుని పంపిస్తాడే, ఆ పనికి ఊరి పేరే సాక్ష్యంగా మిగిలిపోవడం తమాషాగా లేదూ?

చౌరస్తా నుంచి దక్షిణానికి తిరిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో నగరంలోని అద్దె భవనాల్లో నడిచింది. సొంత ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం చేసిన మొదటి పని ఇటుకలు కొనడం కాదు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. వాళ్ల వెతుకులాటలో దొరికినవాడు ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్. అడిక్‌మెట్ దగ్గర వెయ్యి ఎకరాలకు పైబడిన స్థలంలో 1934లో ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ఏడో నిజాం ఆ భవనాన్ని ప్రారంభించాడు. గులాబి రంగు గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనం ముందు నిలబడి తల పైకెత్తని వాళ్లు ఉండరు.

తల దించి ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్న గ్రానైటు దిమ్మె బరువు దాదాపు 75 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు. ఒక్క దిమ్మెకి ఇంత. మరి అంత పెద్ద భవనానికి ఎన్ని దిమ్మెలు, ఎన్ని గడపరాళ్లు, ఎన్ని స్తంభాలు! ఇవన్నీ ఎక్కడో గుట్టలో పుట్టి, ఇక్కడికి నడిచి రావాలి.

దక్కనులో రాయి కదిలిందంటే అక్కడ వడ్డెరల చెయ్యి ఉండి తీరుతుంది. వాళ్లలో పనిని బట్టే పేర్లుండేవి. రాయి కొట్టేవాళ్లు రాతి వడ్డెరలు, చెరువు కట్టలూ కాలవలూ తవ్వేవాళ్లు మట్టి వడ్డెరలు, కొట్టిన రాయిని బండ్ల మీద తోలేవాళ్లు బండి వడ్డెరలు. రాయి కొట్టడం ఎంత విద్యో, దాన్ని తోలడం అంత విద్య అని ఆ విభజనే చెప్తోంది. గడ్డపారతో రాయిని లేపాలి, కింద దుంగలు పెట్టాలి, మోకు కట్టి లాగాలి. అంతకంటే ముందు దారి చూడాలి. మొరం నేల బరువు మోస్తుంది. నల్లరేగడి మాత్రం ఎండాకాలంలో రాయిలా నమ్మించి, ఒక్క వాన పడగానే చక్రాన్ని ఇరుసుదాకా మింగేస్తుంది. దిగువకి పోయే బండి చక్రం కింద ఎప్పుడు ఏ దిమ్మె అడ్డం పెట్టాలో తెలిసినవాడు ముందు నడవాలి. గుళ్లో రథం లాగేటప్పుడు చక్రం దగ్గర కొయ్య దిమ్మెతో ఒకడు నడుస్తాడు చూడండి, వేలమంది లాగే రథానికి నిజమైన సారథి ఆ దిమ్మె పెట్టేవాడే. మన పెద్దలు గుడి చుట్టూ రథవీధిని ఊళ్లో అన్ని వీధులకంటే వెడల్పుగా వదిలారంటే అది భక్తి ఒక్కటే కాదు, మలుపు కొలుచుకున్న తెలివి కూడా.

బరువు విషయంలో మన తరం కళ్లారా చూసిన పాఠం ఒకటుంది. అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమను చూసివచ్చిన ఎన్.టి. రామారావు గారికి మన దగ్గరా అంతటి విగ్రహం ఉండాలనిపించింది. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయి దొరికింది. 1985లో గణపతి స్థపతి ఆధ్వర్యంలో పని మొదలైంది. 58 అడుగుల బుద్ధుడు, దాదాపు 350 టన్నుల బరువు. చెక్కడం ఒక ఎత్తు, దాదాపు అరవై కిలోమీటర్లు నడిపించి హుస్సేన్ సాగర్ దాకా తేవడం ఒక ఎత్తు. రాయగిరి వరంగల్ రోడ్డు మీద ఊరు. ఆ రోడ్డే ఉప్పల్ దగ్గర చీలి, ఒక పాయ హబ్సిగూడ మీదుగా మన తార్నాకకి వస్తుంది.

1988లో ఆ విగ్రహాన్ని 192 చక్రాల బండి మీద తెచ్చారు. అన్ని చక్రాలెందుకని ఆ రోజుల్లో పిల్లలు అడిగేవారు. తలమీద బిందె పెట్టుకునేటప్పుడు కింద చుట్టకుదురు ఎందుకు పెట్టుకుంటాం? బరువు తగ్గుతుందనా? తగ్గదు. ఒక్కచోట గుచ్చుకోకుండా నలుమూలలా పరుచుకుంటుంది. ఇదీ అంతే. విగ్రహం బరువుని 192తో భాగిస్తే ఒక్కో చక్రం వంతు రెండు టన్నుల లోపే. మామూలు రోడ్డు ఆ మాత్రం మోస్తుంది. దారిలో రోడ్లు వెడల్పు చెయ్యాల్సి వచ్చింది కూడా. అరవై కిలోమీటర్లూ దారి ముందు సిద్ధమైంది, బండి తర్వాత నడిచింది. బుద్ధుడు క్షేమంగా సాగర తీరం చేరాడు.

మిగిలింది నీటిమీద కొద్దిపాటి దూరం. 1990 మార్చి 10న విగ్రహాన్ని పెద్ద పంటు మీదికి ఎక్కించి చెరువు మధ్యనున్న దిమ్మె దగ్గరికి తీసుకుపోతూ ఉంటే, ఒడ్డు విడిచి ఎంతో దూరం పోకుండానే పంటు ఒరిగిపోయింది. విగ్రహం నీళ్ల అడుగుకి జారిపోయింది. దానితోపాటు పనిచేస్తున్న మనుషులూ పోయారు. ఆ తర్వాత రెండేళ్ల పైచిలుకు బుద్ధుడు సాగరం అడుగునే పడుకుని ఉన్నాడు. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టారు. టాంక్‌బండ్ మీద షికారు వెళ్లి, ఐస్‌క్రీము తింటూ ఆ విగ్రహాన్ని చూసే మనలో ఎంతమందికి ఆ మనుషులు గుర్తొస్తారు?

పాఠం ఏమిటంటే, బరువుకి ప్రమాదం నడిచిన దూరంలో ఉండదు. మోసే నేల మారేచోట ఉంటుంది. నేల మీంచి నీటి మీదికి, తారు రోడ్డు మీంచి కొత్తగా పూడ్చిన మట్టి మీదికి, గట్టి నేల మీంచి పునాది గోతి అంచు మీదికి. లారీ వందమైళ్లు చక్కగా వచ్చి, కట్టడం గేటు దాటాక పది గజాల్లో ఒరిగిపోవడం అందుకే. గోతి అంచుకి ఎంత దూరంలో బండి ఆగాలో ముందే గీత గీసి, అక్కడ అడ్డు దుంగ పెట్టడమనేది ఎంత చిన్న పని! ఆ దుంగ లేని గోతులే ఎక్కువ.

ఇంత బరువునే మన బుద్ధుడికంటే నాలుగు వందల ఏళ్ల ముందు రోము నగరంలో కదిపారు. ఈజిప్టు నుంచి ప్రాచీన కాలంలో వచ్చిన ఏకశిలా స్తంభం, దాదాపు 330 టన్నులది, సెయింట్ పీటర్స్ చర్చి పక్కనుంచి ముందుకి తేవాలన్నాడు అప్పటి పోపు. దూరం పావు కిలోమీటరు. 1586లో డొమెనికో ఫొంటానా అనే ఇంజనీరు ఆ పని చేశాడు. తొమ్మిది వందలమంది మనుషులు, పదుల కొద్దీ గుర్రాలు, నలభై దాకా మోకులు చుట్టే చక్రాలు. ఆయన పెట్టిన ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది నిశ్శబ్దం. పని జరిగేటప్పుడు చూడవచ్చిన జనంలో ఎవరూ నోరు మెదపకూడదు, మెదిపితే కఠిన శిక్ష. బూర ఊదితే లాగాలి, గంట కొడితే ఆపాలి. అంతకుమించి ఏ గొంతూ వినపడకూడదు.

మన దగ్గర లారీ వెనక్కి తీస్తుంటే ఏం జరుగుతుంది? క్లీనరు ఒక పక్కన "రానీ రానీ" అంటాడు. పాన్‌డబ్బా అతను ఇంకో పక్కన "రైట్ రైట్" అంటాడు. దారిన పోయే పెద్దమనిషి స్కూటరు ఆపి మరీ చెయ్యి ఊపుతాడు. డ్రైవరు ఎవరి మాట వినాలి? "ఒక్క గొంతు" అన్న నియమాన్ని ఫొంటానా శిక్ష భయం పెట్టి నెలకొల్పాడు. పెళ్లి వంటశాలలో మన పెద్ద వంటావిడ శిక్షా అక్కర్లేకుండానే నెలకొల్పేది. "ఉప్పు ఒక్కరే వెయ్యండర్రా" అని.

మళ్లీ తార్నాకకి వద్దాం. పక్కనే లాలాగూడ. నిజాం రైల్వే ఇక్కడ 1893లో వర్క్‌షాపు పెట్టింది. అంతకుముందే, 1874లో, వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు వచ్చేసింది. వెడల్పు, ఎత్తు అన్న రెండు కొలతలూ అందరికంటే కచ్చితంగా పాటించింది రైలువాళ్లే. కారణం స్పష్టమే. రోడ్డు మీది బండి ఎదురుగా ఏదైనా వస్తే పక్కకి తప్పుకోగలదు. రైలుకి ఆ అదృష్టం లేదు. అందుకని పూర్వం గూడ్సు షెడ్ల దగ్గర పట్టాల మీద ఒక ఇనుప కమాను వేలాడదీసేవారు. సరుకెక్కించిన పెట్టెను ముందు దాని కిందనుంచి నెమ్మదిగా పోనిచ్చేవారు. కమానుకి ఏదీ తగలకుండా పోయిందా, సరే, దారిలో ఏ వంతెనకీ ఏ సొరంగానికీ తగలదు. తగిలిందా, అక్కడే దించి సర్దాలి. వందల మైళ్ల దూరంలో రాబోయే ప్రమాదాన్ని ఇంటి గుమ్మంలోనే పట్టేసే ఉపాయం. ఇంతకంటే సులువైనది, చవకైనది ఇంకోటి ఉందా? సిగ్నళ్ల చదువు చెప్పే రైల్వే సంస్థ కూడా 1957 నుంచి ఈ తార్నాక దారిలోనే ఉండటం ఈ పేటకి తగినట్టే ఉంది.

రోడ్డు మీద ఆ కమాను లేదు. లేని లోటు ఏమిటో చెప్పే ఉదంతాలు గుండెలు పిండేస్తాయి. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కళిమేడులో గుడి రథం హైటెన్షన్ తీగకి తగిలి పదకొండుమంది పోయారు. అదెక్కడో అనుకున్నాం. 2025 ఆగస్టులో, తార్నాకకి కూతవేటు దూరాన రామంతపూర్‌లో, కృష్ణాష్టమి ఊరేగింపు ముగింపుకి వచ్చేవేళ రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు పోయారు. లాగే వాహనం ఆగిపోతే చేతులతో నెట్టుకుంటూ వస్తున్నారట. భక్తితో రథాన్ని పట్టుకున్న చేతులే అవి. ఏటా అదే వీధి, అదే రథం. కానీ పోయినేడాది లేని తీగ ఈ ఏడాది ఉండవచ్చు. ఊరేగింపుకి ముందురోజు ఒక పొడవాటి వెదురు గడకి రథం ఎత్తు గుర్తు పెట్టి, ఒక మనిషి ఆ దారంతా నడిచి వస్తే సరిపోతుంది. మన కమాను అదే. గడ ఎండు వెదురుదే అయినా తీగల జోలికి పోకూడదు సుమా, కింద నుంచి కళ్లతో పోల్చుకోవడానికే ఆ గడ. అనుమానమొస్తే కరెంటువాళ్లని పిలిచి సరఫరా ఆపించాలి.

కట్టడాల దగ్గరా ఇదే కథ. మామూలు సరుకు లారీ ఎత్తు నాలుగు మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. అందుకే నగరంలో వంతెనల కింద అయిదున్నర మీటర్ల ఖాళీ ఉండాలని ఇంజనీర్లు లెక్క పెట్టుకున్నారు. కానీ కంకర దింపే టిప్పరు తొట్టి పైకెత్తితే ఆ లెక్క అక్కడికక్కడే మారిపోతుంది. తొట్టి దించకుండానే డ్రైవరు బండి కదిపాడా, పైనున్న తీగ కిందికొస్తుంది. తెలిసినవాళ్లు తీగకి రెండు పక్కలా కొంచెం దూరంలో రెండేసి గుంజలు పాతి, వాటి మధ్య తోరణంలా రంగు జెండాలు కడతారు. బండి తోరణానికి తగిలితే తోరణం తెగుతుంది. ప్రాణం నిలుస్తుంది.

తార్నాక రోడ్డు తన జీవితంలో చూసిన అతి పెద్ద పని మెట్రో. పని 2012లో మొదలైంది. నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ వరసలో రోడ్డు మధ్య స్తంభాలు లేచాయి. 2017 నవంబరు 28న ఈ దారి మొదలు మియాపూర్ దాకా మెట్రో ప్రారంభమైంది. ఆ అయిదేళ్లూ ఆ రోడ్డు వాడినవాళ్లకి తెలుసు. రోడ్డు మధ్యలో రేకుల గోడ, అటొక సందు, ఇటొక సందు. పని జరిగే చోటూ, జనం నడిచే చోటూ ఒక్కటే కావడం ఇందులో విశేషం. చెరువు మధ్య విగ్రహానికి ఆ చిక్కు లేదు. ఆర్ట్స్ కాలేజీకీ లేదు, అప్పుడక్కడ ఊరే లేదు.

ఆ చిక్కుని విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది. పైవంతెనని రోడ్డు మీద పోత పొయ్యలేదు. ఉప్పల్ యార్డులో ముక్కలుగా పోత పోసి, ఒక్కో ముక్కనీ పొడవాటి ట్రెయిలర్ల మీద తెచ్చారు. జనం పలచబడ్డ వేళ చూసుకుని తెచ్చారు. కింద పెద్ద క్రేన్లు నిలబడి రోడ్డు మింగెయ్యకుండా, స్తంభాల మీదే కూర్చునే పొడవాటి దూలం లాంటి యంత్రం ఒక్కో ముక్కనీ పైకి లాక్కుని వరసలో పట్టుకునేది. ముక్కలన్నీ చేరాక లోపల ఉక్కు తీగలు బిగించి ఒక్కటి చేసేవారు. దండకి పూలు గుచ్చి ముడి వేసినట్టు. పగలు మనం నిద్రకళ్లతో ఆఫీసులకి పోతూ "నిన్న ఇక్కడిదాకానే ఉందే!" అనుకునేవాళ్లం. రాత్రి ఆ ట్రెయిలర్ ముందు దారి చూస్తూ వచ్చిన మనిషి అప్పటికి పడుకుని ఉంటాడు.

ఆ ముందు నడిచే మనిషికీ ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేశారు. గుర్రాలు లేకుండా ఆవిరితో నడిచే బండి రోడ్డెక్కితే దానికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఊళ్లో వేగం గంటకి రెండు మైళ్లు మించకూడదు. లోకం నవ్వింది. కొన్నాళ్లకి జెండా తీసేశారు. 1896లో వేగం కట్టుబాట్లూ సడలించారు. ఆ ఏడాదే ఆగస్టులో, లండనులో ఒక ప్రదర్శన చూడటానికి కూతురితో వెళ్లిన బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే గృహిణి, మోటారుకారు తగిలి చనిపోయింది. ఆ దేశంలో కారు కింద పడి పోయిన మొదటి పాదచారి ఆవిడే. నవ్వులపాలైన ఎర్రజెండా మనిషిని రోడ్డు మళ్లీ పిలవలేదు గానీ, కట్టడాలు పిలిచాయి. ఈనాడు మెరిసే జాకెట్టు తొడుక్కుని, చేతిలో జెండా, నోట్లో విజిలుతో గేటు దగ్గర నిలబడేది ఆయన వారసుడే.

ఆయన అవసరం అన్నిటికంటే బండి వెనక్కి వచ్చేటప్పుడు. పెద్ద లారీ డ్రైవరుకి తన వెనక నేల కనపడదు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక ఎడమ పక్కన, బండిని ఆనుకుని నడిచేవాళ్లూ సరిగ్గా కనపడరు. పైగా పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు. లోపలికి కోసుకుంటూ వస్తాయి. మన బీరువా మెట్ల మలుపులో చేసేదే ఇది. తార్నాక చౌరస్తాలో బస్సు ఎడమకి తిరుగుతుంటే, ముందు భాగం దాటిపోయింది కదా అని పిల్లాణ్ణి పట్టుకుని మూలకి జరగడం ఎంత ప్రమాదమో ఇప్పుడు ఊహించుకోండి. వెనక చక్రం ఆ మూలకే వస్తోంది.

వెనక్కి వచ్చేటప్పుడు మోగే యంత్రాలొచ్చాయి నిజమే. మనవాళ్లు వాటిలో సినిమా పాటలూ దేవుడి పాటలూ పెట్టుకున్నారు. పాట బాగుందని ఆగి వినే ప్రమాదమూ వచ్చింది! అనుభవజ్ఞుల సలహా వేరు. అసలు వెనక్కి రావాల్సిన అవసరమే లేకుండా ఒక గేటులో వచ్చి ఇంకో గేటులో పోయేలా దారి వెయ్యండి, మనుషులకి వేరే దారి విడిగా కంచె కట్టి ఇవ్వండి అంటారు. గుళ్లో దర్శనానికి ఒక ద్వారం, బయటికి ఒక ద్వారం పెట్టినట్టు.

మనుషుల దారి అన్నాను కదా. అయిదో కొలత అదే. మన కట్టడాల దగ్గర నడిచే మనుషుల్లో ఆడవాళ్లూ చాలామందే కనిపిస్తారు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలూ కాలవలూ మేడలూ కట్టిన కూలీల్లో ఎంతమంది ఆడవాళ్లో! నెత్తిన ఇసుక తట్ట ఉన్న మనిషి పక్కకి తల తిప్పలేదు. లారీ రణగొణలో వెనక నుంచి కేక వినపడదు. ఆవిడ చంటిబిడ్డ చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో ఉంటుంది, కాస్త నడక వచ్చిన పిల్ల ఇసుక గుట్ట మీద ఆడుకుంటూ ఉంటుంది. ఆ ఇసుక గుట్ట దగ్గరికే టిప్పరు వెనక్కి వచ్చేది. డ్రైవరు అద్దంలో మూరెడు ఎత్తు పిల్ల కనపడుతుందా?

1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు జరుగుతుంటే, దుమ్ములో ఎండలో పడుకున్న కూలీల పసిపిల్లల్ని మీరా మహదేవన్ అనే ఆవిడ చూసింది. అక్కడే ఒక డేరా వేయించి పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా పుట్టింది. కట్టడం ఎక్కడికి పోతే పిల్లల గది అక్కడికి పోతుంది. చూడబోతే ఇది పాలూ పలకా సంగతిలా కనపడుతుంది గానీ, బండ్ల దారికీ పిల్లలకీ మధ్య ఒక తలుపు పెట్టడం కూడా ఇదే. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభైమందికి మించి ఆడకూలీలున్న చోట ఆరేళ్లలోపు పిల్లలకి గది ఉండాలని చెప్పింది. మరి యాభైమంది లేని చోట? మన వీధిలో లేచే మూడంతస్తుల ఇంటి దగ్గర పదిమంది ఆడవాళ్లుంటే గొప్ప. పిల్లలు మాత్రం అక్కడా ఉంటారు.

అందుకే ఈ విషయం ఇంజనీర్ల మీటింగులకే వదిలిపెట్టేది కాదు. తార్నాక వీధుల్లో పాత డాబాలు పోయి అపార్టుమెంట్లు వస్తున్నాయి. క్యాంపస్‌లో పొద్దున్నే వందలమంది నడకకి వస్తారు. అదే వేళకి సిమెంటు కలిపే బండ్లు, ఇటుకల లారీలు సందుల్లో దూరతాయి. పక్క స్థలంలో కొబ్బరికాయ కొట్టిన రోజు మనకీ ప్రసాదం పంపిస్తారు కదా. తీసుకుని, ఇంటివాళ్లని నాలుగు మాటలు అడగొచ్చు. లారీ ఎటు నుంచి వస్తుందండీ, ఎటు పోతుంది? బడి విడిచే వేళ కాకుండా ఇంకో వేళకి రమ్మనగలరా? వెనక్కి తీసేటప్పుడు దగ్గరుండేది ఎవరు, ఒక్కరేనా? కూలీల పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? వాళ్లకి జవాబు తెలియకపోతే మేస్త్రీని పిలిచి అడుగుతారు. ఆ పూటకి మేస్త్రీ కూడా ఆలోచిస్తాడు.

చివరి ప్రశ్నకి జవాబు దొరక్కపోతే, మన గేటు లోపల వేపచెట్టు నీడ ఉండనే ఉంది. ఉయ్యాల కట్టడానికి కొమ్మకేం కరువు? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక గేటు తీసి, మళ్లీ గొళ్లెం పెడితే సరిపోతుంది.